బీరువా తాళం ఎవరి దగ్గర ఉంటుంది?

చాలా కళాశాలల్లో భౌతికశాస్త్ర విభాగానికి ఒక టెలిస్కోపు ఉంటుంది. ఏడాదిలో పదకొండు నెలలకు పైగా అది బీరువాలోనే గడుపుతుంది. ఫిబ్రవరి 28న, జాతీయ సైన్స్ దినోత్సవం నాడు, దుమ్ము దులిపి వరండాలో నిలబెడతారు. పట్టపగలు, స్లాబు కింద, ఎదుటి బ్లాకు మీది నీళ్ల ట్యాంకుకు గురిపెట్టి. ముఖ్య అతిథి ఒక కన్ను మూసి అందులోంచి చూస్తారు. ఫోటో తీస్తారు. మర్నాడు జిల్లా ఎడిషన్‌లో వార్త వస్తుంది. రామన్ ఎఫెక్ట్ కనుగొన్నది 1928లో ఆ తేదీనే కాబట్టి 1987 నుంచి దేశమంతా ఆ రోజును జరుపుకుంటోంది. అందులో తప్పుపట్టేదేమీ లేదు. కానీ ఆ కళాశాల సైన్స్ క్లబ్బు ఎలాంటిదో తెలియాలంటే మార్చి 1న టెలిస్కోపు ఎక్కడ ఉందో చూడాలి.

మొదటి సంవత్సరంలో అడుగుపెట్టిన విద్యార్థికి ఇదంతా తెలిసే అవకాశం లేదు. తరగతులు మొదలైన రెండు మూడు వారాలకే నోటీసు బోర్డులు నిండిపోతాయి. రోబోటిక్స్ క్లబ్బు, కోడింగ్ క్లబ్బు, ఆస్ట్రానమీ క్లబ్బు, ఏరో క్లబ్బు, ఇంజనీర్ల సంఘం ఐఈఈఈ విద్యార్థి శాఖ, సాంకేతిక విద్య సంఘం ఐఎస్‌టీఈ చాప్టర్, వాహనాలు తయారుచేసే వాళ్ల ఎస్‌ఏఈ క్లబ్బు. ప్రతి పోస్టర్ మీదా స్కాన్ చేయాల్సిన గళ్ల బొమ్మ ఒకటి. ఇంటర్ రెండేళ్లూ ఈఏపీసెట్ (ఒకప్పటి ఎంసెట్), జేఈఈ ప్రశ్నల మీద ప్రశ్నలు చేసి, ప్రాక్టికల్స్ రికార్డులను చివరి నెలలో హడావిడిగా పూర్తిచేసి వచ్చిన వాళ్లకు ఇది నిజంగానే కొత్త లోకం. ఆ ఉత్సాహంలో ఐదారు క్లబ్బుల ఫారాలు నింపేస్తారు. దీపావళి నాటికి వాటిలో నాలుగింటి వాట్సాప్ గ్రూపులు మ్యూట్‌లో ఉంటాయి.

ఇన్ని క్లబ్బులు ఎక్కడినుంచి పుట్టుకొచ్చాయి? విద్యార్థుల కుతూహలం ఒక కారణం, కాదనలేం. రెండోది కాగితాల అవసరం. కళాశాలలకు గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం వచ్చినప్పుడు పాఠ్యేతర కార్యక్రమాల చిట్టా చూపించాలి. 2018లో కేంద్ర విద్యాశాఖ మొదలుపెట్టిన ఇన్‌స్టిట్యూషన్స్ ఇన్నోవేషన్ కౌన్సిళ్లకు వార్షిక కార్యక్రమాల పట్టిక ఉంటుంది. చేసిన ప్రతిదానికీ నివేదిక, ఫోటోలు అప్‌లోడ్ చేయాలి. నివేదికలోకి తేలిగ్గా ఎక్కేది ‘కార్యక్రమం’. దానికి తేదీ ఉంటుంది, ఫ్లెక్సీ ఉంటుంది, హాజరైన వారి సంఖ్య ఉంటుంది. ముగ్గురు విద్యార్థులు ఆరు నెలలు కూర్చుని ఒక సెన్సర్ ఎందుకు తప్పు చూపుతోందో కనుక్కుంటే దానికి ఫ్లెక్సీ లేదు, తేదీ లేదు, రాసుకోవడానికి పట్టికలో గడి కూడా లేదు. అందుకే మంచి మనసుతో మొదలైన క్లబ్బు కూడా రెండేళ్లలో అతిథి ఉపన్యాసాల సంఘంగా మారిపోతుంది. మొదటి సంవత్సరం వాళ్లు కుర్చీలు సర్దుతారు. రెండో సంవత్సరం వాళ్లు పుష్పగుచ్ఛం, శాలువా, జ్ఞాపిక తెస్తారు. మూడో సంవత్సరం వాళ్లు వేదిక మీద వందన సమర్పణ చేస్తారు. అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, సంయుక్త కార్యదర్శి, డిజైన్ హెడ్, మీడియా హెడ్, ఇన్‌స్టాగ్రామ్ చూసుకునే వారొకరు. ఇరవై మంది సభ్యుల్లో పదిహేడు మందికి పదవులు ఉన్న క్లబ్బులో పని ఎవరు చేస్తున్నారన్నది న్యాయమైన సందేహమే.

దీనికి పూర్తిగా అవతలి ఒడ్డున విద్యార్థి ఉపగ్రహాల కథ ఉంది. 2007 సెప్టెంబరులో అంతర్జాతీయ వ్యోమయాన మహాసభ హైదరాబాద్‌లో జరిగింది. దానికి హాజరైన కొందరు ఇంజనీరింగ్ విద్యార్థుల్లో మొలకెత్తిన ఆలోచన స్టడ్‌శాట్ అయింది. బెంగళూరు, హైదరాబాద్ నగరాల్లోని ఏడు కళాశాలల విద్యార్థులు చేతులు కలిపి కిలో బరువైనా లేని ఉపగ్రహాన్ని తయారుచేశారు. 2010 జూలై 12న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ15 దాన్ని మోసుకెళ్లింది. దాదాపు అదే సమయంలో, 2007లోనే, ఐఐటీ బొంబాయిలో ‘ప్రథమ్’ మొదలైంది. అయనోవరణంలోని, అంటే వాతావరణం పైభాగాన విద్యుదావేశ కణాలుండే పొరలోని, ఎలక్ట్రాన్ల సంఖ్యను లెక్కగట్టడం దాని పని. బరువు పది కిలోల చిల్లర. అది ఎగిరింది 2016 సెప్టెంబరు 26న. పుణె ఇంజనీరింగ్ కళాశాల వాళ్ల ‘స్వయం’ 2008లో మొదలై 2016 జూన్ 22న కక్ష్య చేరింది.

ఈ తేదీల పక్కన ఒక చిన్న లెక్క వేసుకుంటే విషయం తెలుస్తుంది. బీటెక్ నాలుగేళ్లు. ప్రథమ్‌కు పట్టింది తొమ్మిదేళ్లు. మొదటి గీత గీసిన వాళ్లు ప్రయోగం నాటికి పట్టాలు పుచ్చుకుని ఏళ్లు గడిచాయి. ప్రయోగం జరిగిన ఏడాది మూడో సంవత్సరం చదువుతున్న విద్యార్థి, ప్రాజెక్టు మొదలైనప్పుడు ఆరో తరగతిలో ఉండి ఉంటాడు. అంటే ఆ ఉపగ్రహం ఏ ఒక్క బ్యాచ్‌దీ కాదు. నడుమ ఉన్న వాళ్ల సంగతి ఇంకా ఆసక్తికరం. మొదలుపెట్టిన ఘనతా లేదు, నింగికెగరడం చూసిన ఆనందమూ లేదు. వాళ్లు చేసిందల్లా ముందువాళ్లు రాసిపెట్టింది చదవడం, అందులో తప్పులు పట్టడం, సమీక్షల్లో నిపుణులు వేసిన ప్రశ్నలకు జవాబులు వెతకడం, మళ్లీ రాసిపెట్టి వెళ్లడం. సైన్స్ వృత్తిగా సాగేది కూడా చాలావరకు ఇలాగే. పాఠ్యపుస్తకం ఈ అనుభవాన్ని ఇవ్వలేదు, ఎందుకంటే పాఠ్యపుస్తకంలో ప్రతి లెక్కకూ వెనక పేజీల్లో జవాబు ఉంటుంది. మంచి క్లబ్బులో ఉండే పని జవాబు ఇంకా దొరకనిది. కాబట్టి క్లబ్బులో చేరబోయే వాళ్లు వాకబు చేయాల్సింది ఒక్కటే: తమకంటే ముందు మొదలై, తాము వెళ్లాక కూడా సాగే పని ఏదైనా అక్కడ ఉందా?

అలాంటి పనికి రాకెట్ అక్కర్లేదు. మీటరు పొడవు కర్ర చాలు.

హైదరాబాద్ దాదాపు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏటా మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో మరోసారి, మిట్టమధ్యాహ్నం సూర్యుడు అక్కడ సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. నిలువుగా పెట్టిన కర్రకు నీడ ఉండదు. అదే రోజు తిరుపతిలో, అంటే సుమారు 13.6 డిగ్రీల దగ్గర, సూర్యుడు నడినెత్తికి 3.8 డిగ్రీలు ఉత్తరంగా ఉంటాడు. మీటరు కర్రకు ఆరున్నర సెంటీమీటర్లకు కాస్త పైగా నీడ పడుతుంది, అదీ దక్షిణానికి. మన దగ్గర ఏడాదిలో ఎక్కువ రోజులు మధ్యాహ్నపు నీడ ఉత్తరానికే పడుతుంది కాబట్టి, ఆ నీడను తొలిసారి చూసిన వాళ్లకు దిక్కు తప్పామేమో అనిపిస్తుంది. రెండు ఊళ్ల మధ్య ఉత్తర దక్షిణ దూరం 420 కిలోమీటర్లు అనుకుంటే, 3.8 డిగ్రీలకు 420 అయితే 360 డిగ్రీలకు ఎంత? దాదాపు నలభై వేల కిలోమీటర్లు. అది భూమి చుట్టుకొలత. సుమారు 2,200 ఏళ్ల కింద ఈజిప్టులో ఎరటోస్తనీస్ అనే గ్రీకు పండితుడు చేసిన లెక్క ఇదే. రెండు ఊళ్లలో రెండు క్లబ్బులు ఫోన్లో మాట్లాడుకుంటూ చేసేయవచ్చు.

కాగితం మీద ఇది తొమ్మిదో తరగతి లెక్క. మైదానంలోకి దిగాక అసలు కష్టాలు మొదలవుతాయి. మొదటి కష్టం, నీడ అంచు ఎక్కడ? సూర్యుడు చుక్క కాదు. ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున్న పళ్లెం. అందువల్ల మీటరు ఎత్తునుంచి పడే నీడ చివర దాదాపు తొమ్మిది మిల్లీమీటర్ల మేర మసకబారి ఉంటుంది. కొలవాల్సిన నీడ అరవై ఆరు మిల్లీమీటర్లు, మసక తొమ్మిది. ఒకరు ‘ఇక్కడ’ అంటారు, ఇంకొకరు ‘అక్కడ’ అంటారు, మూడో వ్యక్తి రెంటికీ సగటు తీద్దామంటారు. ఒక్క మిల్లీమీటరు తేడా చుట్టుకొలతను ఆరు వందల కిలోమీటర్లు అటో ఇటో జరుపుతుంది. రెండో కష్టం కర్రది. అది ఉత్తర దక్షిణాల్లో ఒక్క డిగ్రీ ఒరిగితే కొలత పదిహేడు మిల్లీమీటర్లు మారిపోతుంది, అంటే నీడలో నాలుగో వంతుకు పైనే. తాపీమేస్త్రీ దారానికి గుండు కట్టి గోడ నిలువు ఎందుకు చూస్తాడో ఆ రోజు బాగా అర్థమవుతుంది. మూడోది దూరం. ఫోనులో కనిపించే రోడ్డు దూరాన్ని వేసుకున్న వాళ్ల భూమి యాభై వేల కిలోమీటర్లు దాటి ఉబ్బిపోతుంది. నాలుగోది సమయం. తిరుపతి కొంచెం తూర్పున ఉంది కాబట్టి అక్కడి మిట్టమధ్యాహ్నం హైదరాబాద్ కంటే మూడు నాలుగు నిమిషాలు ముందే వచ్చేస్తుంది. హైదరాబాద్ గడియారం చూసి కొలిస్తే నీడ అప్పటికే పక్కకు జరిగి ఉంటుంది.

వీటికి ఉపాయాలు లేకపోలేదు. కర్ర చివర చిన్న రంధ్రమున్న అట్టముక్క బిగిస్తే నీడలో సూర్యుడి గుండ్రని బొమ్మ పడుతుంది. మసక అంచు కోసం తగువులాడే బదులు ఆ బొమ్మ నడిబొడ్డున చుక్క పెట్టవచ్చు. పదకొండున్నర నుంచి ఒంటిగంట దాకా ఐదేసి నిమిషాలకు ఒక చుక్క పెడుతూ పోతే అతి పొట్టి నీడ ఏదో, మిట్టమధ్యాహ్నం ఎప్పుడో చుక్కలే చెబుతాయి. ఈ ఉపాయాలు ఒక్క రోజులో తట్టవు. ఒక ఏడు తప్పు చేసి, రాసిపెట్టి, మరుసటి ఏడు జూనియర్లు దిద్దుకుంటే తడతాయి. ఇందులో ఇంకో చిక్కు కూడా ఉంది: మే నెలలో ఆకాశం నిర్మలంగా ఉంటుంది గానీ కళాశాలలో విద్యార్థులు ఉండరు, ఆగస్టులో విద్యార్థులు ఉంటారు గానీ సూర్యుడు ఉండడు. మబ్బు పట్టిన ఆగస్టు 3న మైదానంలో కర్ర పాతి, ఆకాశం కేసి చూస్తూ నిలబడి, ఉత్తచేతులతో తరగతికి తిరిగి వెళ్లిన బ్యాచ్ కూడా ఆ నోట్‌బుక్‌లో ఒక పేజీ రాయాలి. ‘మబ్బు. కొలత లేదు.’ ఆ రెండు మాటలు రాసే అలవాటు ఉన్న క్లబ్బు నమ్మదగిన క్లబ్బు.

రోబోటిక్స్ విషయంలోనూ ఇంతే. నల్ల గీత వెంట నడిచే చిన్న బండి దాదాపు ప్రతి క్లబ్బులో తొలి పాఠం. రాత్రి హాస్టల్ గదిలో అద్భుతంగా నడుస్తుంది, ప్రదర్శన రోజు మధ్యాహ్నం కిటికీ పక్కన గిరగిరా తిరుగుతుంది. గీతను పసిగట్టేది పరారుణ కాంతి, ఎండలో అది పుష్కలం. సెన్సర్ కళ్లు చెదిరిపోతాయి. ఇంకోసారి మోటారు కదలగానే బోర్డు ఆగి మళ్లీ మొదలవుతుంది, ఎందుకంటే రెండింటికీ ఒకే బ్యాటరీ. ప్రతి బ్యాచ్ ఈ రెండు గోతుల్లో పడుతుంది. పడటంలో నష్టం లేదు. ఐదేళ్లుగా ప్రతి బ్యాచ్ అవే గోతుల్లో పడుతోందంటే మాత్రం అక్కడ క్లబ్బు అనేది లేదు, ఏటేటా కొత్తగా పోగయ్యే గుంపు ఉంది.

పోటీల కోసమే బతికే క్లబ్బులు వేరే జాతి. 2007లో మన దేశంలో మొదలైన బాహా పోటీకి ఒక్కరు కూర్చునే, రాళ్లూ గుంతల్లో నడిచే వాహనం తయారుచేయాలి. ఖర్చు లక్షల్లో ఉంటుంది; కళాశాల కొంత ఇస్తుంది, మిగిలింది సభ్యుల ఇళ్లనుంచి రావాలి. ఇక్కడ సభ్యత్వం తీసుకునేముందు తల్లిదండ్రుల జేబు సంగతి చూసుకోవడం చిన్నతనం కాదు. అందులో నేర్చుకునేది చాలా ఉంది, వెల్డింగ్ నుంచి లెక్కల పుస్తకం దాకా. అయితే తయారైన భాగాలు కొనుక్కొచ్చి బిగించడంతో సరిపెడితే నేర్చుకున్నది బేరమాడటమే.

క్లబ్బు ఎంత మంచిదైనా అందులో ఎవరు నిలవగలరన్నది మరో ప్రశ్న. దీనిమీద మాట్లాడేవాళ్లు తక్కువ. నగర శివార్లలోని ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలల్లో సాయంత్రం నాలుగు, నాలుగున్నరకు కళాశాల బస్సులు కదులుతాయి. అది తప్పితే నలభై కిలోమీటర్ల దూరం రెండు సిటీ బస్సులు మారి వెళ్లాలి. క్లబ్బు పని నిజంగా సాగేది ఆ బస్సులు వెళ్లిపోయాకే. కాబట్టి హాస్టల్ విద్యార్థులదే పైచేయి అవుతుంది. వాళ్లలో అమ్మాయిల హాస్టల్ గేటు అబ్బాయిలకంటే ముందే మూతపడుతుంది. టెలిస్కోపు క్లబ్బులో అయితే ఇది మరీ వింత: నక్షత్రాలు పొడిచే వేళకు సగం మంది సభ్యులు గేటు లోపల ఉండాలి. ఆ ఆవరణలోనే, హాస్టల్ డాబా మీదే పరిశీలన ఏర్పాటు చేస్తే సమస్య సగం తీరుతుంది. కాకపోతే దానికి వార్డెన్ సంతకం, బాధ్యత తీసుకునే అధ్యాపకురాలు కావాలి. వాళ్లను ఒప్పించిన క్లబ్బు, ఒప్పించని క్లబ్బు పక్కపక్కనే కనిపిస్తాయి. తేడా అంతా ఆ క్లబ్బును నడిపేవాళ్లకు ఈ సంగతి పట్టిందా లేదా అన్నదే.

హాజరు ఇంకో ముల్లు. జేఎన్‌టీయూ అనుబంధ కళాశాలల్లో 75 శాతం ఉండాలి, అది తగ్గితే కండొనేషన్ అనే మినహాయింపు, 65 కంటే తగ్గితే అదీ లేదు. పోటీలకని వారం రోజులు వెళ్లివచ్చే వాళ్లు ముందే హెచ్‌వోడీ (విభాగాధిపతి) అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. నోటిమాట మీద వెళ్లి సెమిస్టర్ చివర తలపట్టుకున్న వాళ్లు ప్రతి కళాశాలలోనూ ఉంటారు.

భాష సంగతి సున్నితమైనది. తెలుగు మాధ్యమంలో పదో తరగతి దాకా చదివి వచ్చిన విద్యార్థి క్లబ్బు ‘ఇంటర్వ్యూ’లో ఇంగ్లీషులో తన గురించి చెప్పుకోమంటే తడబడతాడు. బడి పిల్లల సైన్స్ పోటీలైన చెకుముకి సంబరాల్లో బహుమతి తెచ్చుకున్న పిల్ల కావచ్చు, ఇంట్లో మోటారు పంపు తానే విప్పి బాగుచేసే కుర్రాడు కావచ్చు. ఆ గదిలో ఆ సంగతి ఎవరూ అడగరు. ఒక క్లబ్బు సభ్యులను ఎలా ఎంచుకుంటుందో చూస్తే దాని తత్వం తెలిసిపోతుంది. నేపథ్యం చెప్పమనే చోటు ఒకటి, పాడైన మల్టీమీటరు చేతికిచ్చి గంట తర్వాత వస్తామనే చోటు ఇంకొకటి. రెండో చోట నిజమైన పని ఉంటుంది.

ఈ చర్చ అంతా ఇంజనీరింగ్ చుట్టూ తిరగడం కూడా అన్యాయమే. చిన్న పట్టణాల ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో బీఎస్సీ చదివే వాళ్లకు త్రీడీ ప్రింటర్లు ఉండవు. అయితే అక్కడ చెట్లు ఉంటాయి, పిట్టలు ఉంటాయి, చెరువు ఉంటుంది. ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు ప్రపంచమంతా సాగే పక్షుల లెక్కింపు ఉంది; 1998లో అమెరికాలో మొదలైంది, 2013 నుంచి మన దేశం కూడా పాల్గొంటోంది, అందులో భాగంగా విద్యాసంస్థల ఆవరణల్లో విడిగా లెక్కింపు జరుగుతుంది. పదిహేను నిమిషాలు ఒకచోట నిలబడి కనబడిన పిట్టల జాబితా రాసి, పక్షుల వివరాలు నమోదుచేసే ఈ-బర్డ్ వెబ్‌సైట్‌లో ఎక్కిస్తే చాలు. బైనాక్యులర్స్ ఉంటే మేలు, లేకపోయినా గోరింక, పాలపిట్ట, లకుముకి, కొంగల్ని గుర్తించవచ్చు. ఒక ఏడాది జాబితాకు పెద్ద విలువ లేదు. అదే ఆవరణలో పదేళ్ల జాబితా ఉంటే, కొత్త బ్లాకు కోసం పడగొట్టిన వేపచెట్లతోపాటు ఏ పిట్టలు వెళ్లిపోయాయో కనబడుతుంది. తెలంగాణలో ప్రభుత్వ డిగ్రీ కళాశాలల విద్యార్థుల అధ్యయన ప్రాజెక్టుల కోసం ‘జిజ్ఞాస’ పోటీ ఉంది. ఇలాంటి స్థానిక లెక్కలకు అక్కడ చోటు దొరుకుతుంది. ఇంజనీరింగ్ కళాశాలల్లోని చాలా క్లబ్బులకంటే ఇది నికార్సయిన సైన్స్ అనడానికి సంకోచించనక్కర్లేదు.

సర్టిఫికెట్ల గురించి రెండు మాటలు. ఆకాశ చిత్రాల్లో కదిలే చుక్కలను వెతికే అంతర్జాతీయ కార్యక్రమాల్లో మన విద్యార్థులు పాల్గొంటున్నారు, మంచిదే. ప్రాథమిక గుర్తింపు పత్రం రాగానే ‘గ్రహశకలాన్ని కనుగొన్న విద్యార్థిని’ అని పత్రికల్లో వస్తుంది. ఆ చుక్కను మళ్లీ మళ్లీ పరిశీలించి, కక్ష్య తేల్చి, సంఖ్య ఇవ్వడానికి ఏళ్లు పడుతుంది. చాలా చుక్కలు ఆ దాకా రావు. ఆ పత్రం విలువ ఎంతో విద్యార్థికే ముందుగా తెలియాలి, ఎందుకంటే ఇంటర్వ్యూలో కాస్త విషయం తెలిసిన వాళ్లు ఎదురైతే రెండో ప్రశ్నకే గుట్టు బయటపడుతుంది. ‘రోబోటిక్స్ క్లబ్బు సభ్యుడు’ అని రాసుకున్న వాడిని మోటారు ఎంత కరెంటు లాగిందని అడిగితే నోట మాట రాకపోవడం కూడా ఇలాంటిదే.

ఎన్ని క్లబ్బుల్లో చేరాలి? ఒకటి. మహా అయితే రెండు. చేరేముందు కార్యవర్గాన్ని కలవడం కంటే ల్యాబ్ అటెండర్‌ను పలకరించడం మేలు. సామాను బీరువా తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ఈ నెలలో ఎన్నిసార్లు తీశారు అని అడిగితే ఆయన నిజం చెబుతారు. తాళం హెచ్‌వోడీ సొరుగులో ఉండి, దానికోసం మూడు సంతకాల లేఖ రాయాల్సి వస్తుంటే ఆ టెలిస్కోపు చంద్రుణ్ని చూసే రోజు దగ్గర్లో లేదు. తర్వాత పాత నోట్‌బుక్కులు చూపించమని సీనియర్లను అడగాలి. ఫోటోల ఆల్బమ్ చూపిస్తే అదీ ఒక జవాబే.

ఇవేవీ లేవని తేలితే వదిలేసి రానక్కర్లేదు. ముగ్గురు స్నేహితులు కలిసి కర్ర పాతినా, పిట్టల లెక్క మొదలుపెట్టినా అదీ క్లబ్బే. పేరు, లోగో తర్వాత చూసుకోవచ్చు.

వెళ్లిపోయే వేళ గురించి మాత్రం మొదటి రోజే ఆలోచించాలి. నాలుగో సంవత్సరం మొదలవగానే, చాలా చోట్ల ఆగస్టుకే, ప్లేస్‌మెంట్ల హడావిడి ముంచెత్తుతుంది. అప్పుడు అప్పగింతలు పెట్టుకుంటే జరగవు. సీనియర్ సొంత ఈమెయిల్ మీద ఉన్న ఫైళ్లన్నీ ఆయనతోపాటే బెంగళూరు వెళ్లిపోతాయి, పాస్‌వర్డ్ కోసం జూనియర్లు ఆర్నెల్లు ఫోన్లు చేస్తారు. మూడో సంవత్సరం చివరిలోనే పని చేతులు మారాలి. దానికి ఒక పద్ధతి ఉంది. ఒక శనివారం పొద్దున జూనియర్లను నోట్‌బుక్‌తో పరికరం ముందు కూర్చోబెట్టాలి. సీనియర్లు అదే గదిలో ఉండాలి గానీ నోరు విప్పకూడదు, వేలు చూపకూడదు. జూనియర్లు ఎక్కడ ఆగిపోయారో అక్కడ నోట్‌బుక్‌లో ఒక పేజీ లేదన్నమాట. ఆ పేజీ ఆ సాయంత్రమే సీనియర్ల చేత రాయించి, మరుసటి శనివారం మళ్లీ కూర్చోవాలి. ఎవరూ నోరు విప్పకుండా పరికరం నడిచిన శనివారం నాడు తాళంచెవి ఇచ్చేయవచ్చు.